డెక్ మీదికి సామాను లిఫ్టు: నాలుగేళ్లు వాడాక

మా డెక్, అంటే ఇంటి బయటి ఎత్తైన అరుగు, నేల నుంచి 3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మట్టి బస్తాలు, కుండీలు, నీళ్ల డబ్బాలు అన్నీ మెట్ల మీదుగా మోయాల్సి వచ్చేది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ బరువు పట్టుకుని మెట్లెక్కడం చూడలేక నాలుగేళ్ల క్రితం చిన్న ఎలక్ట్రిక్ వించ్‌తో (ఉక్కు తీగల తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బరువు లేపే మోటారు) సామాను లిఫ్టు పెట్టించాను.

వించ్ బాగానే పనిచేస్తోంది. కానీ పెట్టె మీద 250 కిలోలని రాసి ఉంటే దాన్ని చూసి మోసపోవద్దు. అది తాడును సామాను వైపు గిలకకు తిప్పి రెండు పేటలు వేసినప్పటి లెక్క. ఒంటి పేటకు 125 కిలోలే. నేను రెండు పేటలు వేసి కూడా, సామాను పెట్టే ప్లాట్‌ఫామ్‌తో కలిపి 80 కిలోలు దాటనివ్వను. లిఫ్టు నెమ్మదిగా ఎక్కుతుంది, పర్వాలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పైన బరువు మోసే దూలం. మొదట దాన్ని డెక్ అంచుకే బిగిద్దామనుకున్నాను. ఇంజనీరు వద్దన్నారు. రెయిలింగ్ అయితే అసలే పనికిరాదు, అది మనిషి ఆనుకుంటే ఆపడానికి కట్టింది. వించ్‌ను కింద పెట్టి ఒంటి పేట తాడును పై గిలక మీదుగా తిప్పితే, గిలక మీద సామాను బరువుకు దాదాపు రెట్టింపు భారం పడుతుంది. ఒకవైపు సామాను లాగుతుంది, రెండోవైపు వించ్ లాగుతుంది. అందుకే వించ్‌ను పైన దూలానికే బిగించి, ఆ దూలాన్ని కాంక్రీటు పునాదిలో నాటిన రెండు విడి స్తంభాల మీద నిలబెట్టాం. డెక్ మీద ఆ భారం పడదు.

రెండో ఏడాది వానాకాలంలో ప్లాట్‌ఫామ్ పక్కకు పోకుండా పట్టి ఉంచే చెక్క గైడ్లు ఉబ్బి, దిగుతున్న ప్లాట్‌ఫామ్ మధ్యలో పట్టేసింది. నేను గమనించకుండా బటన్ నొక్కుతూనే ఉన్నాను. తాడు వదులై డ్రమ్ము మీద చిక్కుపడింది. ప్లాట్‌ఫామ్ అంచు పట్టుకుని ఊపగానే అది ఒక్కసారిగా అడుగున్నర జారింది. చెయ్యి రెప్పపాటులో తీసేశాను. ఇప్పుడు తలచుకున్నా టెన్షనే. ఆ వారమే చెక్క తీసేసి ఉక్కు చానెళ్లు, నైలాన్ చక్రాలు వేయించాను. తాడు వదులైతే మోటారు ఆగిపోయే స్విచ్ కూడా పెట్టించాను. అది మొదటి రోజే ఉండాల్సింది.

ప్లాట్‌ఫామ్ చివరికి చేరగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్‌లు పైన, కింద, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, వించ్ మీద వాన పడకుండా కప్పు ఎలాగూ ఉండాలి. ప్లాట్‌ఫామ్ అడుగుకు దిగినప్పుడు కూడా డ్రమ్ము మీద కనీసం మూడు చుట్లు తాడు మిగలాలి. నెలకోసారి తోలు గ్లవ్స్ వేసుకుని తాడు పొడవునా చూస్తాను. మూడో ఏడాది కొక్కెం దగ్గర తీగలు తెగడం కనిపించింది, అదే రోజు మార్చేశాను.

అన్నిటికన్నా భయం రెయిలింగ్‌లో తెరిచిన ఖాళీ గురించే. ప్లాట్‌ఫామ్ కింద ఉన్నప్పుడు అక్కడ ఉన్నది 3 మీటర్ల లోతు. అందుకే ప్లాట్‌ఫామ్ పైకి చేరితే తప్ప గేటు గడియ తెరుచుకోదు, గేటు తెరిచి ఉంటే మోటారు తిరగదు. కింద చుట్టూ జాలీ వేశాం, ఎవరూ అడుగున నిలబడకుండా.

మనుషులు ఎక్కడమన్నది లేదు. మా అబ్బాయి ఎన్నిసార్లు బతిమాలాడో. స్విచ్‌కు తాళం పెట్టించాను, ఒక తాళంచెవి అమ్మ దగ్గర, ఇంకొకటి నా దగ్గర ఉంటాయి.