వెయ్యి కాయలు రెండు వేలయ్యాయి: ఫ్లట్టర్ టెక్స్ట్ కంట్రోలర్‌తో మూడేళ్లు

ఫ్లట్టర్‌లో (ఫోన్ యాప్‌లు రాసే గూగుల్ పనిముట్టు) టెక్స్ట్ ఎడిటింగ్ కంట్రోలర్ గురించి, అంటే టైప్ చేసే గడిలోని మాటని కోడ్ చేతికిచ్చేదాని గురించి, మొదట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తెగ పొగిడి చెప్పాను. ఇప్పుడు దాని యాడ్ లిజనర్ (గడిలో మార్పు రాగానే మన కోడ్‌ని పిలిచేది) పేరెత్తితే ఒళ్లు మండుతోంది.

అంబాజీపేటలో మా మావయ్యది కొబ్బరికాయల కొట్టు. ఆయన కోసం ఒక లెక్కల యాప్ రాశాను. కాయలెన్నో కొట్టి, కింద గడిలో ఊరి పేరు తెలుగులో టైప్ చేస్తే, అది నా జాబితాలో ఉన్న పేరుతో సరిపోగానే లెక్కలో ఒక వరస దానంతటదే చేరిపోవాలి, బటన్ నొక్కే పని కూడా లేకుండా (అతితెలివి, ఒప్పుకుంటాను). మొదటి రోజే ఫోన్ వచ్చింది. "ఒరేయ్, పుల్లేటికుర్రు నుంచి వచ్చింది వెయ్యి కాయలైతే నీ యాప్ రెండు వేలంటుందేంట్రా!" పక్కనుంచి రైతు గొంతు: "ఉండనివ్వండి బాబూ, నాకేం ఇబ్బంది లేదండి, ఆయ్!"

ముందు నా తప్పే దొరికింది. లిజనర్‌ని బిల్డ్‌లో, అంటే స్క్రీన్ గీసే ఫంక్షన్‌లో పెట్టాను, స్క్రీన్ మళ్లీ గీసినప్పుడల్లా ఇంకోటి తగులుకుంటోంది. హాట్ రీలోడ్ (యాప్ ఆపకుండానే కొత్త కోడ్ ఎక్కించడం) కొట్టిన కొద్దీ రెండు, మూడు, నాలుగు వరసలు, రీస్టార్ట్ చేస్తే మళ్లీ ఒకటే, అందుకే ఒక పూటంతా బాగైపోయిందనే భ్రమలో ఉన్నాను. దాన్ని స్క్రీన్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే ఇనిట్‌స్టేట్‌లోకి మార్చి, స్క్రీన్ పోయేటప్పుడు నడిచే డిస్పోజ్‌లో తీసేశాను. నా లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (తెర మీది ఉత్తుత్తి ఫోన్) మీద ఒకటే వరస. మావయ్య ఫోన్‌లో మాత్రం మళ్లీ రెండు!

చివరికి ఆదివారం ఆ కొట్టులోనే కొబ్బరి డొక్కల పక్కన కూర్చుని, ఒట్టి టెక్స్ట్ కాకుండా కంట్రోలర్ వాల్యూ మొత్తం ప్రింట్ చేయిస్తే అప్పుడు బయటపడింది. రెండుసార్లూ టెక్స్ట్ అక్షరం తేడా లేకుండా అదే, కానీ మొదటిసారి కంపోజింగ్ (ఇంకా ఖాయం కాని భాగం) 0 నుంచి 14, రెండోసారి మైనస్ 1, అంటే అలాంటి భాగమే లేదు. పుల్లేటికుర్రు కంటికి అయిదు అక్షరాలే, గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కేస్తే 14. ఫోన్ కీబోర్డ్‌లో టైప్ చేస్తున్నంతసేపూ మాట కింద ఒక గీత ఉంటుంది కదా, మాట ఖాయమై ఆ గీత పోయినప్పుడు కూడా లిజనర్ మోగుతుంది, అదే రెండో వరస. కర్సర్ కదిలినా మోగుతుంది. నేను ఎమ్యులేటర్‌లో లాప్‌టాప్ కీబోర్డ్‌తో కొడుతుంటే ఆ గీతే రాలేదు, ఇంకేం తెలుస్తుంది!

డాక్యుమెంట్‌లో ఇదంతా రాసే ఉంది, చదవనిది నేనే. అయినా కోపం పోలేదు.

ఇప్పుడు పాత టెక్స్ట్ దాచుకుని, కొత్తదీ అదే అయితే వెనక్కి వచ్చేస్తున్నాను. కొత్త స్క్రీన్లలో ఆన్‌ఛేంజ్డ్ వాడుతున్నాను, అది అక్షరం మారితేనే పలుకుతుంది. దాంతో ఇంకో తంటా. జాబితాలోంచి ఊరిని నొక్కితే కోడే గడిలో పేరు నింపుతుంది కదా, అప్పుడు ఆన్‌ఛేంజ్డ్ అసలు పలకదు, ఆ ఫంక్షన్‌ని మనమే పిలవాలి. గడి ఖాళీ చేయడానికీ కర్సర్‌ని చివరకు తేవడానికీ కంట్రోలర్ ఇప్పటికీ నాకు ఇష్టమే. లిజనర్‌ని మాత్రం గడి పక్కన ఇంటూ గుర్తు చూపించడానికి తప్ప ముట్టుకోవట్లేదు. అంకెలు తప్ప ఏమీ టైప్ చేయని యాప్ అయితే మీకు ఈ గొడవ తగలకపోవచ్చు. నేను ఒక్కడినే రాసుకునేవాణ్ని, పరీక్షించడానికి నాకున్నవి రెండే ఫోన్లు, అందులో ఒకటి మావయ్యది.