పత్రికా, బ్లాగా: వడపోత ఎక్కడ?

పత్రికలో వార్త అచ్చుకు ముందే వడపోత పూర్తవుతుంది. విలేఖరి రాస్తాడు, ఉపసంపాదకుడు దిద్దుతాడు, సంపాదకుడు సరేనంటాడు. బ్లాగులో వడపోత ప్రచురించాకే మొదలవుతుంది. ఆ పని చేసేది పాఠకులు.

అమెరికాలో ఈ తేడా రెండుసార్లు బాగా తెలిసొచ్చింది. 2002 డిసెంబరులో సెనేటర్ ట్రెంట్ లాట్, నల్లవాళ్లను తెల్లవాళ్లతో కలవనివ్వకూడదంటూ ఒకప్పుడు అధ్యక్ష పదవికి పోటీ చేసిన నాయకుణ్ణి మెచ్చుకుంటూ మాట్లాడితే పెద్ద పత్రికలు మొదట్లో అంతగా పట్టించుకోలేదు. బ్లాగర్లు వదల్లేదు. ఆ నెలలోనే ఆయన సెనేట్‌లో పార్టీ నాయకత్వం వదులుకున్నారు. 2004 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు బుష్ సైనిక సేవపై, 1970ల నాటివంటూ సీబీఎస్ టీవీ చూపించిన పత్రాల అక్షరాలు ఆ కాలపు టైపురైటర్‌వి కావని బ్లాగర్లు గంటల్లోనే అనుమానించారు. అవి అసలైనవని నిరూపించలేమని ఛానెల్ ఒప్పుకోవాల్సి వచ్చింది.

అలాగని బ్లాగరును నెత్తికెత్తుకోను. నెలల తరబడి కోర్టు కాగితాలు తిరగేసే విలేఖరికి జీతమిచ్చేది, పరువునష్టం దావా పడితే లాయరును పెట్టేది పత్రికే. బ్లాగరుకు ఉండేది ఓపిక (అదీ కొన్నాళ్లే).

పౌరుడి వైపు నుంచి మాత్రం నా మొగ్గు బ్లాగుకే. సంపాదకుడికి ఉత్తరం రాస్తే వేస్తారో లేదో. ఇక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాకపోతే చదివేవాళ్లను వెతుక్కోవడమూ మన పనే.