కాంథా, కవంది, సుజని: పసిబిడ్డ కిందికి ఏ బొంత మేలు?

మా అక్క కూతురికి బిడ్డ పుట్టినప్పుడు చేత్తో కుట్టిన బొంత ఒకటి కొనిచ్చాను. ఆ ఫొటో పెట్టిన రోజు నుంచి ఒకటే ప్రశ్న: చేత్తో కుట్టే బొంతల్లో కాంథా కొనాలా, కవంది కొనాలా, సుజని ఎలా ఉంటుంది? విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చింది, అందుకే ఒకేసారి చెప్పేస్తున్నా.

నా లెక్కలో బొంతకు ఒక్కటే పరీక్ష. ఉతికాక లోపలి పొరలు ఉన్నచోటే ఉన్నాయా, ఒక మూలకు చేరి ఉండ కట్టాయా? రంగులు, బొమ్మలు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) అన్నీ ఆ తర్వాతే. పసిబిడ్డ బొంత రోజు మార్చి రోజు నీళ్లలో పడేదే కదా. పొరల్ని పట్టి ఉంచేది కుట్టు, కాబట్టి వరసకీ వరసకీ మధ్య ఎడం ఎంత, ప్రతి కుట్టూ అడుగు పొర దాకా దిగిందా అన్నది వెనక్కి తిప్పి చూడాలి. నేను చూడక ఒకసారి దెబ్బతిన్నాను. ఆన్‌లైన్‌లో కాంథా అని రాసి ఉంటే తెప్పించాను, తీరా చూస్తే రెండు కొత్త గుడ్డల మధ్య కాస్త దూది, వరసల మధ్య నాలుగు వేళ్ల ఎడం. మూడో ఉతుక్కి దూదంతా కాళ్ల వైపు చేరింది.

అసలు కాంథా అది కాదు. బెంగాల్ పల్లెల్లో ఆడవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, పాత చీర అంచుల్లోంచి లాగిన దారంతో చిన్న చిన్న రన్నింగ్ స్టిచ్ (సూది పైకీ కిందికీ పోనిచ్చే మామూలు కుట్టు) వేసేవారు. కుట్టు ఎంత దగ్గరగా ఉంటుందంటే గుడ్డ మీద చిన్న అలలు లేచినట్టు కనిపిస్తుంది. చలికి కప్పుకునే మందపాటిది లేప్, అద్దం మీద వేసేది ఆర్షిలత, ఇలా ఒక్కోదానికీ ఒక్కో పేరు. (సంస్కృతంలో కంథ అంటే బొంతే, మనం కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు.) నా పరీక్షలో దీనికి నూటికి నూరు. చిక్కల్లా దొరకడంలోనే. ఇప్పుడు బోల్‌పూర్, శాంతినికేతన్ వైపు ఎక్కువగా కనిపించేది ఒంటిపొర టస్సర్ పట్టు చీరల మీద, దుపట్టాల మీద వేసే కాంథా పని. డబ్బు అక్కడుంది, వాళ్లని అనడానికేం లేదు. నిజమైన పొరల కాంథాకి నెలల పని పడుతుంది, ధరా అలాగే ఉంటుంది. అంత పెట్టి కొన్నదాని మీద బిడ్డని పడుకోబెట్టడానికి మీకే చెయ్యి రాదు.

నేను కొన్నది కవంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఎల్లాపుర, హళియాళ, ముండగోడ వైపు ఉండే సిద్ది ఆడవాళ్ల పని ఇది. శతాబ్దాల కింద పోర్చుగీసువాళ్లు, మరికొందరు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి వాళ్లు. అడుగున ఒక పాత చీర పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, గుడ్డముక్కల అంచులు లోపలికి మడిచి ఒకదాని పక్కన ఒకటి పెడుతూ, చుట్టూ తిరుగుతూ నడిమధ్యకి వస్తారు. మూలల్లో ముక్కోణంగా మడిచిన చిన్న ముక్కలు కుడతారు, వాటిని ఫూల అంటారు, అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదట. మన పేపర్లు సంకీర్ణ ప్రభుత్వాన్ని వెక్కిరించడానికి అతుకుల బొంత అంటాయి గానీ, ఈ అతుకుల వల్లే కవంది గట్టిది. జారిపోవడానికి లోపల వదులు దూది ఉండదు, ప్రతి ముక్కా అడుగు చీరతో కలిపి కుట్టబడుతుంది, ఒక ముక్క చిరిగితే దాని మీద ఇంకో ముక్క వేస్తే సరి. ఇదే నాకు బాగా నచ్చింది. కాంథా చిరిగితే ఆ పని తెలిసిన చెయ్యే కావాలి, కవందికి ఎవరి చెయ్యైనా చాలు.

కవందికి లోపాలూ ఉన్నాయి. తడిస్తే బరువు, ముసురు పట్టిందంటే రెండు రోజులైనా ఆరదు. ముక్కల్లో కొత్త గుడ్డ ఉంటే రంగు దిగుతుంది, మొదటి రెండు ఉతుకులు విడిగా వెయ్యండి. పసివాళ్ల కింద పరచండి, మీద మాత్రం కప్పకండి.

సుజని బిహార్‌లో ముజఫర్‌పూర్ దగ్గరి భుసురా వైపుది. ఒకప్పుడు అదీ పాత గుడ్డలతో పసిబిడ్డకు కుట్టినదే. ఇప్పుడు బొమ్మ అంచు గొలుసుకుట్టుతో, మిగతా గుడ్డంతా దాని రంగు దారంతోనే రన్నింగ్ స్టిచ్‌తో నింపి, కట్నం లాంటి సమస్యల కథలు బొమ్మల్లో చెబుతున్నారు. 2025లో అక్కడి సుజని కళాకారిణి నిర్మలా దేవికి పద్మశ్రీ వచ్చింది. కొంటే గోడకి వేలాడదీయండి, ఉతుకుడికి పెట్టకండి.

రాజస్థాన్ రల్లీ, మరాఠీ గోధడీ కూడా అడిగారు. రెండూ మంచివే, వెనక్కి తిప్పి కుట్టు చూసుకుని కొనండి, అంతే.

మరి మన బొంత? ఇంట్లో పాత నూలు చీరలు, దబ్బనం పట్టగల పెద్దావిడ ఉంటే ఏదీ కొనక్కర్లేదు. మా అమ్మ కుట్టేటప్పుడు వరసల మధ్య జానెడు వదిలేసేది, అదే పొరలు జారడానికి కారణం. ఈసారి రెండు వేళ్ల ఎడంతో కుట్టమన్నాను. "నీ బొంత నువ్వే కుట్టుకో" అంది.