పికప్ బండి వెనక ఎత్తు తగ్గించాలంటే: పట్టీ తీయడమా, ఇరుసు కిందికి కట్ట మార్చడమా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. కట్ట అంటే వెనక ఇరుసు మీద బండి బరువు మోసే కమాన్ కట్ట, పట్టీలంటే అందులో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు రేకులు.

ఖర్చు: కమాన్ కట్టలో పట్టీ తీస్తే కొత్త యూ బోల్టులు (కట్టని ఇరుసుకి బిగించేవి), పూట కూలి. కట్టని ఇరుసు కిందికి మారిస్తే వెల్డింగు, ఒక్కోసారి ఛాసిస్ (బండి అడుగు చట్రం) కోత కూడా.

దిగేది: పట్టీతో ఒకటి రెండంగుళాలు. కట్ట ఇరుసు కిందికి మారిస్తే 5, 6 అంగుళాలు.

రిస్క్: పట్టీ తీస్తే లోడు తగ్గించుకోవాల్సిందే. జీడిపిక్కల బస్తాలు వేస్తే కట్ట చదునైపోతుంది.

అసలు తలనొప్పి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు చేర్చే గొట్టం) కోణం. వెనక దించితే ఇదీ మారుతుంది. గేర్‌బాక్స్ షాఫ్టూ హౌసింగ్ (వెనక ఇరుసు గేర్ల పెట్టె) పినియన్ షాఫ్టూ సమాంతరంగా ఉండాలి, తేడా 1 డిగ్రీ దాటకూడదు. ఒక్కో క్రాస్ (షాఫ్ట్ కొసల్లో వంగే కీలు) దగ్గర వంపు 3 డిగ్రీల్లోపు మేలు. మా బావ బండికి పట్టీ తీసి కోణం చూడలేదు. బరంపురం రోడ్డులో అరవై దాటగానే సీటు కింద జుమ్మని వణుకు. కట్టకీ ఇరుసుకీ మధ్య ఏటవాలు ముక్క పెడితే పోయింది. రెండో పద్ధతిలో కట్ట సీట్లు (ఇరుసుకి కట్ట ఆనే పీటలు) పూర్తిగా వెల్డ్ చేసేముందే, చక్రాలు నేల మీదుండగా కొలవాలి.

సరుకు తోలే బండికి రెండూ వద్దంటాను. ఖాళీగా తిరిగేదైతే పట్టీ చాలు. షో కోసమే అయితే రెండోది, అదీ ముందు ఆర్టీవో అనుమతి తీసుకుని.