గల్లగురిగా, గాజు సీసానా, బ్యాంకు ఖాతానా: పిల్లల డబ్బుకు ఏది మేలు?

పండగ వెళ్లిన వారంలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అమ్మమ్మ, తాతయ్య, మేనమామ తలా ఒక నోటు పిల్లవాడి చేతిలో పెట్టి వెళ్లారు. లెక్క చూస్తే ఆరేడు వందలు తేలింది. "వాడికి ఏడేళ్లు. కిడ్డీ బ్యాంకులో వేయించాలా, పేరు మీద అకౌంట్ తెరవాలా? వడ్డీ ఎక్కడ ఎక్కువ?"

ఏడేళ్ల పిల్లల విషయంలో వడ్డీ చిట్టచివర చూడాల్సిన సంగతి. 600 రూపాయలు పోస్టాఫీసు సేవింగ్స్‌లో ఏడాది ఉంచితే 4 శాతం చొప్పున వచ్చేది 24 రూపాయలు. మన వాడుకలో చెప్పాలంటే పావలా వడ్డీకి కాస్త పైన. ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది: డబ్బు వేసిన చెయ్యే దాన్ని తీయగలుగుతోందా? తీసినప్పుడు తగ్గడం కంటికి కనబడుతోందా? పిల్లలకు డబ్బు విలువ వేసేటప్పుడు తెలియదు, తీసేటప్పుడు తెలుస్తుంది. మూడు పద్ధతుల్నీ ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడండి.

గల్లగురిగి, హుండీ, కిడ్డీ బ్యాంకు... పేరు ఏదైనా దాని బలం ఒక్కటే, తీయడం కష్టం. రోజుకు 3 రూపాయలు వేసే ఇంట్లో ఏడాది తిరిగేసరికి 1,095 రూపాయలు చేరతాయి. పొదుపు జరుగుతుంది, కాదనలేం. నేర్చుకోవడం మాత్రం జరగదు. పిల్లకు కనబడేది సన్నటి చీలిక, వినబడేది చప్పుడు. లోపల ఎంతుందో, తనకు కావలసిన బొమ్మకు ఇంకెంత కావాలో తెలియదు. పగలగొట్టిన రోజున పెద్దవాళ్లే లెక్కపెట్టి, పెద్దవాళ్లే ఏం కొనాలో తేల్చేస్తారు.

దాని ఇబ్బందులు కూడా చెప్పుకోవాలి. మడిచి దూర్చిన నోట్లు వానాకాలం చెమ్మకు అతుక్కుపోతాయి. నేల మీద గోడవార పెడితే చెదలు పడతాయి. 2016 నవంబరులో 500 నోట్లు రద్దయినప్పుడు, పండగలకు అందులో వేసిన నోట్ల కోసం ఎన్నో గురిగిలు గడువులోపు పగలగొట్టాల్సి వచ్చింది. అందుకే గురిగిలో నాణేలే వేయించండి. వాటితోనూ ఒక చిక్కుంది. 10 రూపాయల నాణేలు మన ఊళ్లలో చాలా దుకాణాల్లో తీసుకోరు. అప్పటిదాకా వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే స్పష్టంగా ప్రకటించింది. బ్యాంకులు తీసుకోవాల్సిందే. వందేసి నాణేలు ఒక్కో ప్లాస్టిక్ సంచిలో లెక్కగా కట్టి తీసుకెళ్తే కౌంటర్ దగ్గర పని తొందరగా అవుతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంటివాళ్లదే. నెలాఖరులో గురిగి బోర్లించి, చీపురుపుల్లతో నోటు లాగి, "రేపు వేసేద్దాంలే" అనుకోవడం. పిల్లలకు ఇది తెలియకుండా ఉండదు. ఎప్పుడైనా తప్పనిసరై తీస్తే పిల్లను అడిగి తీయండి. "అమ్మ 100 తీసుకుంది, ఫలానా తేదీకి ఇస్తుంది" అని చీటీ రాసి ఆ చీలికలోనే వేయండి. ఇచ్చిన రోజున చీటీ చింపేయడం పిల్ల చేతుల మీదుగా జరగాలి.

ఐదు నుంచి పదేళ్ల దాకా నా మొగ్గు గాజు సీసా వైపే. మూత తిరిగేది, లోపల చెయ్యి పట్టేది, పచ్చడి అయిపోయిన సీసా అయినా సరే, కడిగి బాగా ఆరబెట్టి వాడండి. రెండు చాలు: ఒకటి ఖర్చుకు, ఒకటి దాచుకోవడానికి. దానధర్మానికి మూడోది పెట్టేవాళ్లున్నారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మూడింటి లెక్క గందరగోళంగా ఉంటుంది. గుడి హుండీలో వేయాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా ఏ సీసాలోంచి తీయాలో పిల్లే చెప్పనివ్వండి.

వారానికి ఎంత ఇవ్వాలి? రెండు వారాలపాటు పిల్లకోసం చిప్స్, ఐస్‌క్రీమ్, స్టిక్కర్లకు మీరు ఇప్పటికే పెడుతున్నది రాసి చూడండి. వారానికి 30 రూపాయలు అవుతోందనుకుందాం. ఆ 30 ఆదివారం పిల్ల చేతికిచ్చి, మీరు కొనడం ఆపేయండి. అప్పుడు ఇంటి ఖర్చు పైసా పెరగదు. ఈ పద్ధతి బెడిసికొట్టే ఇళ్లలో పది మందిలో తొమ్మిది మంది చేసేది ఒకే పొరపాటు: వారం డబ్బూ ఇస్తారు, కిరాణా కొట్టు దగ్గర అడిగిందీ కొనిపెడతారు. ఇక ఆ సీసా ముట్టాల్సిన అవసరం పిల్లకు ఎప్పుడొస్తుంది?

ఇచ్చేది చిల్లరగా ఇవ్వండి. 30 అంటే ఆరు 5 రూపాయల నాణేలు. మూడు పదులిస్తే సగం సగం పంచడం కుదరదు. దాచే సీసాకు బయట నిలువుగా కాగితం అతికించి, ప్రతి ఆదివారం నాణేలు ఎంత ఎత్తుకు వచ్చాయో పెన్నుతో గీత గీయించండి. లెక్కలు ఇంకా రాని ఐదేళ్ల పిల్లకు ఆ గీతే పద్దు. ఏడేళ్లు దాటితే పక్కన ఒక చిన్న నోటు పుస్తకం, నాలుగు గళ్లు: తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. పుస్తకంలో 85 ఉండి సీసాలో 80 తేలిన రోజు తప్పకుండా వస్తుంది. ఆ 5 రూపాయలు మీ పర్సులోంచి వేసి సర్దేయకండి. "తేడా 5" అని రాయించి, 80 దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టించండి. తరవాతి వారం ఖర్చు పెట్టగానే రాయాలన్నది మీరు చెప్పకుండానే గుర్తుంటుంది.

మొదటి లక్ష్యం చిన్నదే ఉండాలి. వారానికి 15 దాస్తే 120 రూపాయల రంగుల పెట్టెకు ఎనిమిది వారాలు. ఏడేళ్ల పిల్లకు అదే ఎక్కువ. 450 రూపాయల బ్యాట్‌తో మొదలుపెడితే 30 వారాలు పడుతుంది, నాలుగో వారానికే ఆశ చచ్చిపోతుంది. మధ్యలో మనసు మార్చుకుని ఆ డబ్బుతో రెండు రోజుల్లో విరిగిపోయే బొమ్మ కొన్నా అడ్డుపడకండి. ఎనిమిదేళ్లప్పుడు 60 రూపాయలతో పోయే పొరపాటు పాతికేళ్లప్పుడు జీతం మొత్తంతో జరగకుండా ఆపేది ఈ సీసానే.

"ఇంట్లో వడ్డీ ఇద్దామా?" అని చాలామంది ఉత్సాహంగా అడుగుతారు. ఇవ్వవచ్చు. నెలకు నూటికి రూపాయి దాటకండి. అదే ఏడాదికి 12 శాతం, పోస్టాఫీసు సేవింగ్స్‌లో దొరికే 4 శాతానికి మూడింతలు. కొందరు ముద్దుకొద్దీ నెలకు నూటికి పది ఇస్తారు. అది ప్రమాదం. నూటికి పది మామూలే అనుకుంటూ పెరిగిన పిల్లకు రేపు ఎవరో వచ్చి అలాంటి స్కీమ్ చెబితే అనుమానం పుట్టదు.

సీసాకున్న లోపం, అందరికీ కనబడటం. అన్నదమ్ముల మధ్య తగవులొస్తాయి, వచ్చిపోయేవాళ్ల కంటపడుతుంది. ఎవరి సీసా వాళ్ల బట్టల అరలో పెట్టించండి. అందులో 500 దాటి ఉండనివ్వకండి. పండగ డబ్బు ఎక్కువ వస్తే 100 సీసాలోకి, మిగతాది ఖాతాలోకి. ఈ సంగతి నోటు చేతిలో పడకముందే పిల్లకు చెప్పాలి, పడ్డాక లాక్కోకూడదు.

ఖాతా దగ్గరికి వద్దాం. పదేళ్లలోపు పిల్లల ఖాతా తల్లో తండ్రో నడపాలి, కాబట్టి పిల్ల నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు. పదేళ్లు నిండాక కథ మారుతుంది. పిల్లలు సొంత సంతకంతో ఖాతా తెరిచి నడపవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో నిబంధనలు సవరించి మళ్లీ చెప్పింది. ఎంత మొత్తం వరకు, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీయడం మాత్రం కుదరదు.

పోస్టాఫీసులో కూడా పదేళ్లు దాటితే సొంతంగా తెరవవచ్చు. అయితే కనీసం 500 ఎప్పుడూ ఉండాలి. 600 ఉన్న పిల్ల 200 కావాలంటే ఇవ్వరు. "నా డబ్బు నాకెందుకివ్వరు" అన్న ప్రశ్నతో మొదలయ్యే ఖాతా మనకొద్దు. కనీస నిల్వ అక్కర్లేని పిల్లల ఖాతాలు ప్రభుత్వ బ్యాంకుల్లో ఉన్నాయి. స్టేట్ బ్యాంకు 'పెహలీ ఉడాన్' పదేళ్లు దాటిన వాళ్ల కోసమే. పోస్టాఫీసే దగ్గరైతే ఆ 500 మీరు వేసి, అది ఖాతా నిలబెట్టే డబ్బు అని ముందే చెప్పండి. అక్కడ వడ్డీ నెలలో 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీద కడతారు. వేసేదేదో 10 లోపే వేయించండి.

ఖాతాలో ఉన్న అసలు లోపం మెసేజ్. డబ్బు పడినా పోయినా అది నాన్న ఫోన్‌కు వస్తుంది, పిల్లకు ఏమీ కనబడదు. అందుకే పాస్‌బుక్ అడిగి తీసుకుని నెలకోసారి ప్రింట్ వేయించండి. సీసా పక్కన రాసిన ఆ నాలుగు గళ్లే ఇక్కడ అచ్చులో కనబడతాయి. పిల్ల వెంటనే గుర్తుపడుతుంది.

మిగతావి క్లుప్తంగా. సుకన్య సమృద్ధి ఆడపిల్ల పేరు మీద మంచి పథకం. ఏడాదికి 250 నుంచి లక్షన్నర దాకా 15 ఏళ్లు కట్టవచ్చు. కానీ అది మీ పొదుపు, పిల్లకు పాఠం కాదు. పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) నెలకు 100తో మొదలవుతుంది, 60 నెలలు కట్టాలి, పిల్లల ఓపికకు మించినది. పిల్లల ప్రీపెయిడ్ కార్డులు, ఫోన్ చెల్లింపులు హైస్కూలు దాకా ఆగవచ్చు, వాటిలో తగ్గేది అంకె మాత్రమే.

ఖాతా తెరవడానికి నెల ముందు నుంచీ పిల్ల చేత ఒకే సంతకం రోజూ చేయించండి. పదేళ్ల చేతిరాత వారానికో తీరుగా ఉంటుంది, ఫారం వెనక్కి వచ్చేది అక్కడే. మొదటిసారి డబ్బు తీసేటప్పుడు విత్‌డ్రాయల్ ఫారం మీరు నింపకండి. ఖాతా నంబరు పాస్‌బుక్ చూసి ఒక్కో అంకె రాయనివ్వండి. అంకెల్లో 150, దాని కింద అక్షరాల్లో "నూట యాభై రూపాయలు మాత్రమే". ముందొక సంతకం, వెనకొక సంతకం. కౌంటర్ అందకపోతే ఎత్తుకోండి, నోట్లు మాత్రం పిల్ల చేతికే ఇమ్మనండి, అక్కడే నిలబడి లెక్కపెట్టించండి.