ఐస్ హాకీలో ఏది మేలు: పిడికిలా, పవర్ ప్లేనా?

అమెరికాలో ఐస్ హాకీ జట్టయిన ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ అభిమానిని ఎవరినైనా కదిలించండి, మాట తిరిగి తిరిగి 1974 దగ్గరికే వస్తుంది. "మనవాళ్లు కొట్టి గెలిచారు" అంటారు. నేనూ ఫ్లయర్స్ అభిమానినే. కానీ ఆ మాటలో నిజం సగమే. మిగతా సగాన్ని నమ్ముకునే మా జట్టు 1975 తర్వాత ఒక్క స్టాన్లీ కప్పూ (లీగ్ విజేతకిచ్చే కప్పు) తేలేకపోయిందని నా గట్టి అభిప్రాయం. ఈ ఆటలో మొరటుతనానికి మూడు రకాల జవాబులున్నాయి. జట్టంతా కొట్టడం ఒకటి. స్టార్ ఆటగాడి పక్కన కాపలాకు ఒక బలశాలిని పెట్టడం రెండోది. కొట్టినవాడిని పెనాల్టీ బాక్స్‌కు (తప్పు చేసినవాడు కూర్చునే చోటు) పంపి, అవతల ఒక మనిషి తక్కువగా ఉన్న ఆ రెండు నిమిషాల్లో, అంటే పవర్ ప్లేలో, గోల్ వేసి బుద్ధి చెప్పడం మూడోది.

ఫీల్డ్ హాకీ చూసి పెరిగిన మనకు ముందుగా ఒక తేడా తెలియాలి. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో అమిత్ రోహిదాస్ స్టిక్ బ్రిటన్ ఆటగాడి ముఖానికి తగిలింది. రెడ్ కార్డు. మనవాళ్లు పది మందితోనే నలభై నిమిషాలకు పైగా నిలబడి షూటౌట్‌లో గెలిచారు గానీ, సెమీఫైనల్‌కు అతను లేడు, జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయాం. అదే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇద్దరు గ్లౌజులు విసిరేసి పిడిగుద్దులకు దిగితే చెరో ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుని మళ్లీ వచ్చేస్తారు. ఇద్దరూ బయటికి పోతారు కాబట్టి ఏ జట్టుకూ మనిషి తక్కువ కాడు. అంటే కొట్లాట చవక. ఖరీదు పడేవి వేరే ఉన్నాయి: కర్రతో కొట్టడం, అడ్డం పడి పడేయడం, కాళ్లకు తగిలేలా దూకడం. అప్పుడు రెండు నిమిషాల పాటు ఒక మనిషి తక్కువతో ఆడాలి.

ఇక ఫ్లయర్స్ సంగతి. 1967లో లీగ్‌లోకి వచ్చిన కొత్తలో ప్లేఆఫ్స్‌లో సెయింట్ లూయిస్ బ్లూస్ మావాళ్లను చితక్కొట్టింది. ఇక ఎవరి చేతుల్లోనూ తన జట్టు తన్నులు తినకూడదని యజమాని ఎడ్ స్నైడర్ తీర్మానించుకున్నాడు. కోచ్ ఫ్రెడ్ షీరో చేతిలో ఆ జట్టు ఊళ్లను భయపెట్టేలా తయారైంది. 1974-75 సీజన్లో డేవ్ షుల్ట్జ్ ఒక్కడే 472 పెనాల్టీ నిమిషాలు మూటగట్టుకున్నాడు. దాదాపు ఎనిమిది పూర్తి మ్యాచ్‌ల సమయం! ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ప్రతి తప్పుకూ విజిల్ వేస్తూ పోతే ఆట సాగదు కాబట్టి రిఫరీ కొన్నిటిని వదిలేయక తప్పదు. ఆ వదిలేసిన వాటితోనే అవతలివాడికి జంకు పుడుతుంది, మూలల్లోకి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) కోసం వెళ్లడానికి ఒక అడుగు వెనకాడతాడు. 1974, 1975 రెండేళ్లూ కప్పు మాదే.

అయితే ఆ రెండేళ్లూ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ ఎవరికి దక్కిందో చూడండి. షుల్ట్జ్‌కి కాదు, గోల్‌కీపర్ బెర్నీ పేరంట్‌కి. 1974లో ఏడు మ్యాచ్‌ల ఫైనల్ సిరీస్‌లో ఆరో మ్యాచ్‌లో బోస్టన్ మీద స్కోరు 1-0. ఆంద్రే డ్యూపాంట్ కొట్టిన షాట్‌ను రిక్ మక్లీష్ దారి మళ్లించి వేసిన గోల్ ఒక్కటే, మిగిలిన పనంతా పేరంట్ చూసుకున్నాడు. జట్టంతా పెనాల్టీలు తింటున్నా గోల్స్ పడకుండా కాచుకునేవాడు వెనక ఉన్నాడు కాబట్టే ఆ కొట్లాట ఖర్చు తెలియలేదు. పేరంట్‌ను తీసేసి ఆ జట్టును ఊహించుకోండి, కప్పు కాదు గదా, ఫైనల్ కూడా నాకు కనిపించదు.

1976 ఫైనల్లో ఎదురుగా మాంట్రియల్ కెనడియన్స్ వచ్చింది. గై లఫ్లర్ వేగం, గోల్‌లో కెన్ డ్రైడెన్, కోచ్‌గా స్కాటీ బౌమన్. నాలుగుకు నాలుగు మ్యాచ్‌లూ వాళ్లవే. వాళ్లేదో సుకుమారులని కాదు. ఆ ఫైనల్లో లారీ రాబిన్సన్ మా గ్యారీ డోర్న్‌హోఫర్‌ను భుజంతో కొట్టిన దెబ్బకు రింక్ చుట్టూ ఉండే చెక్క గోడ లోపలికి నొక్కుకుపోయింది, దాన్ని సరిచేసేదాకా ఆట ఆపాల్సి వచ్చింది. అంత పెద్ద దెబ్బ, అయినా రూల్ ప్రకారమే. భయపెట్టినా బెదరకుండా, తిరిగి కొట్టినా పెనాల్టీ రాకుండా ఆడినవాళ్ల ముందు మా పద్ధతికి జవాబు లేకపోయింది. 1976 నుంచి 1979 దాకా నాలుగేళ్ల కప్పులూ మాంట్రియల్‌వే. 1976-77లో 80 మ్యాచ్‌లాడి ఓడింది 8 మాత్రమే.

రెండో దారి ఎడ్మంటన్ జట్టుది. వాళ్ల స్టార్ వేన్ గ్రెట్జ్‌కీకి డేవ్ సెమెంకో, ఆ తర్వాత మార్టీ మెక్‌సోర్లీ కాపలా. 1988లో గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చినప్పుడు మెక్‌సోర్లీ కూడా వెంట వెళ్లాడు. జట్టు లెక్కలో చూస్తే ఇది మొదటిదానికన్నా మేలు, ఒకడే బాక్స్‌లో కూర్చుంటాడు, మిగతావాళ్లు ఆడుకుంటారు. కానీ ఆ ఒక్కడి గతేమిటి? ఇలాంటి కాపలాదారే అయిన డెరెక్ బూగార్డ్ 277 మ్యాచ్‌లాడి 3 గోల్స్ వేశాడు. అతన్ని పెట్టుకున్నది గోల్స్ కోసం కాదు. 2011లో 28 ఏళ్లకే చనిపోయాడు. మెదడును పరీక్షిస్తే, పదేపదే తలకు తగిలిన దెబ్బలతో వచ్చే సీటీఈ జబ్బు బయటపడింది. ఇది తెలిశాక స్టాండ్స్‌లో లేచి నిలబడి "కొట్టు, కొట్టు" అని అరవడానికి నాకు నోరు రాదు.

కొట్లాటతో జట్టు ఒక్కటవుతుందనేవాళ్ల మాటను నేను కొట్టిపారేయను. 1996లో కొలరాడో ఆటగాడు క్లాడ్ లెమ్యూ వెనక నుంచి తోసిన తోపుకు డెట్రాయిట్ ఆటగాడు క్రిస్ డ్రేపర్ దవడ విరిగింది. 1997 మార్చి 26న డ్రేపర్ సహచరుడు డారెన్ మెకార్టీ దానికి బదులు తీర్చుకున్నాడు. లెమ్యూ మంచు మీద ముడుచుకుపోయాడు. అదే రాత్రి ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కూడా మెకార్టీదే, 6-5. ఆ ఏడాది కప్పు డెట్రాయిట్‌కే. ఆ ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? మేమే, నాలుగుకు నాలుగు మ్యాచ్‌లూ. ఎరిక్ లిండ్రోస్‌తో కలిసి భారీ కాయులైన ఫార్వర్డ్‌ల లైన్ (కలిసి దాడికి దిగే ముగ్గురు) మాది. ఆఖరి మ్యాచ్‌లో మెకార్టీ మా డిఫెన్స్‌మన్ యాన్నె నీనిమాను దాటి, గోల్‌కీపర్ రాన్ హెక్స్‌టాల్‌ను పక్కకు లాగి, ఖాళీ గోల్‌లోకి పక్‌ను నెట్టాడు. మా మీద అతను వాడింది పిడికిలి కాదు, చేతి నేర్పు.

పగ అదుపు తప్పితే ఏమవుతుందో వాంకూవర్‌ను అడగాలి. 2004 మార్చి 8న ఆ జట్టు ఆటగాడు టాడ్ బెర్టూజీ వెనక నుంచి కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్‌ను కొట్టి మంచు మీద పడేశాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి, మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు. బెర్టూజీపై నిషేధం పడింది. అతను లేని వాంకూవర్ మొదటి రౌండ్‌లోనే కాల్గరీ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడింది. 2025 ఫిబ్రవరిలో 4 నేషన్స్ ఫేస్-ఆఫ్ అనే దేశాల టోర్నీలో అమెరికా, కెనడా మ్యాచ్ మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు జరిగాయి. ఆ రాత్రి అమెరికాదే, 3-1. ఐదు రోజుల తర్వాత ఫైనల్లో కొట్లాట లేదు, ఓవర్‌టైమ్‌లో కానర్ మెక్‌డేవిడ్ గోల్, కప్పు కెనడాకు.

కాబట్టి నా ఓటు మూడో దారికే, అయితే రాబిన్సన్ లాంటి ఒకరిద్దరు జట్టులో ఉండాలన్న షరతుతో. 2008లో డెట్రాయిట్ అసలు కొట్లాటల జోలికే పెద్దగా పోకుండా నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. ఆ జట్టును రెచ్చగొడితే పవర్ ప్లేలో గోల్ తినాల్సిందే.

మా ఫ్లయర్స్‌లో ఇప్పుడు యువ ఆటగాడు మాత్వే మిచ్‌కోవ్ ఉన్నాడు. ఎవరైనా అతన్ని గట్టిగా గుద్దినప్పుడల్లా "కాపలాకు ఒకణ్ని తీసుకురండి" అని పక్క సీట్లలో గోల. నేను మాత్రం ఒకటే అడుగుతున్నా. మా పవర్ ప్లే వరుసగా కొన్ని సీజన్లు లీగ్‌లో అట్టడుగున ఉంది. మిచ్‌కోవ్‌ను కొట్టినవాడికి ఆ రెండు నిమిషాలు బాక్స్‌లో విశ్రాంతిగా గడిచిపోతున్నాయి. ముందు అది బాగుచేయండి.