లీచ్‌బ్లాక్ ఎన్‌జీ: ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి, ముఖ్యంగా నైట్ షిఫ్ట్ వాళ్లకి

రాసిన కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్ నడవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆలోపు చెయ్యి కొత్త ట్యాబ్ తెరుస్తుంది, అడ్రస్ బార్‌లో ఒక్క అక్షరం కొడుతుంది, మిగతాది బ్రౌజరే పూరిస్తుంది, ఎంటర్. బుర్రకి కబురు అందేసరికి యూట్యూబ్ తెరుచుకుని ఉంటుంది. ఇంట్లో పక్క సీటువాళ్లు చూస్తారన్న బెరుకు కూడా ఉండదు కాబట్టి రెండు నిమిషాలు ఇరవై అవుతాయి. లీచ్‌బ్లాక్ ఎన్‌జీ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకుంటే మనం చెప్పిన సైట్లని అడ్డుకునే చిన్న ప్రోగ్రామ్) సరిగ్గా ఆ క్షణాన్నే పట్టుకుంటుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్ మూడింటికీ దొరుకుతుంది. ఏళ్ల తరబడి వాడాక ధైర్యంగా సిఫారసు చేస్తాను. అయితే ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే ఉపయోగం లేదు, అమర్చుకోవడంలోనే ఉంది అంతా.

ఇందులో సైట్ల జాబితాని బ్లాక్ సెట్ అంటారు. ఒక్కో సెట్‌కి వేళలు, వారాలు, నిమిషాల పరిమితి విడివిడిగా పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, మనసు లాగే ప్రతి సైట్‌నీ ఒకే సెట్లో కుక్కి పూర్తిగా మూసేయడం. మూడో రోజు ఏదో ట్యుటోరియల్ వీడియో చూడాల్సి వస్తుంది, ఎక్స్‌టెన్షన్ ఆపేస్తారు, మళ్లీ ఆన్ చెయ్యరు. ఇన్‌స్టాగ్రామ్, క్రికెట్ స్కోర్లు, షాపింగ్ లాంటి పనికి అక్కర్లేనివి ఒక సెట్లో పూర్తిగా మూయండి. యూట్యూబ్, రెడిట్ లాంటి రెండు రకాలుగానూ పనికొచ్చేవి ఇంకో సెట్లో పెట్టి, మామూలు బ్లాక్ పేజీకి బదులు డిలే పేజీ ఎంచుకోండి.

నాకు మొత్తం ఎక్స్‌టెన్షన్‌లో విలువైనది ఈ డిలే పేజీయే. సైట్ తెరవగానే అంకెలు వెనక్కి లెక్కపెడతాయి, సున్నా అయ్యాక సైట్ వస్తుంది. ముందుగా ఉండేది 60 సెకన్లు. దాన్ని 30కి తగ్గించండి. 60 ఉంటే నిజంగా పని ఉన్న రోజు విసుగొచ్చి సెట్టే తీసేయబుద్ధవుతుంది. 10 పెడితే చూస్తూ కూర్చుంటాం. 30 అయితే, పని ఉంటే ఆగుతాం, అలవాటుగా తెరిచి ఉంటే లెక్క ఇరవై దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తెరిచామో గుర్తురాక ట్యాబ్ మూసేస్తాం. వేరే ట్యాబ్‌కి వెళ్తే లెక్క ఆగిపోయే ఆప్షన్ ఉంది, దాన్ని తీసెయ్యకండి.

ఇక అమెరికా వేళలకి పనిచేసేవాళ్ల సంగతి. హైదరాబాద్, వైజాగ్ ఇళ్లలో చాలామందికి ఇక్కడే దెబ్బతింటుంది. ఈస్టర్న్ టైమ్ (న్యూయార్క్ వేళ) ఉదయం 9 నుంచి సాయంత్రం 5 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30 నుంచి రాత్రి 2:30. వేళల పెట్టెలో 1830-0230 అని రాస్తే పనిచెయ్యదు, అర్ధరాత్రి దాటే వేళని రెండు ముక్కలు చెయ్యాలి. సరే అని 1830-2400,0000-0230 అని ఒకే సెట్లో రాస్తే ఇంకో చిక్కు. శుక్రవారం షిఫ్ట్‌లో 12 దాటితే క్యాలెండర్‌కి అది శనివారం. శనివారం టిక్ పెట్టకపోతే చివరి రెండున్నర గంటలూ గేట్లు బార్లా తెరిచినట్టే. పెడితే శనివారం సాయంత్రం సెలవులోనూ సైట్లు మూసుకుపోతాయి. అందుకని అవే సైట్లతో రెండు సెట్లు చేసుకోండి: ఒకదానికి 1830-2400, సోమ నుంచి శుక్ర. రెండోదానికి 0000-0230, మంగళ నుంచి శని. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారగానే షిఫ్ట్ మనకి ఒక గంట ఆలస్యమవుతుంది కాబట్టి రెండు సెట్ల వేళలూ మార్చాలి, అంటే 1930-2400, 0000-0330. మార్చి రెండో ఆదివారం నుంచి మళ్లీ పాత వేళలే.

నిమిషాల పరిమితి కూడా రోజుకి ఇంత అని కాకుండా గంటకి 5 నిమిషాలు అని పెట్టడం మేలు. రోజు కోటా పెడితే అర్ధరాత్రి కొత్త తేదీతో పాటు కొత్త కోటా చేతికొస్తుంది, అదీ నిద్ర ముంచుకొచ్చి మనసు పక్కకి పోయే వేళకి. వాట్సాప్ వెబ్‌కి ఈ పరిమితే సరిపోతుంది. ఆఫీసు గ్రూపులూ చుట్టాల గ్రూపులూ ఒకే కిటికీలో ఉంటాయి కాబట్టి దాన్ని పూర్తిగా మూయలేం.

సైట్ పేరు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఉత్త ఫేస్‌బుక్ డాట్ కామ్ అని రాస్తే ముందు "ఎం డాట్" ఉండే మొబైల్ పేజీ తప్పించుకుంటుంది. పేరుకి ముందు *. చేర్చిన వరుస కూడా ఒకటి రాయండి. అదే పని గూగుల్‌కి చేస్తే మాత్రం మీట్, డాక్స్, జీమెయిల్ అన్నీ పోతాయి. సైట్లు మూసి ఉన్న వేళల్లో సెట్టింగ్స్ కూడా తెరవనివ్వని ఆప్షన్‌ని రెండు వారాలు పోయేదాకా పెట్టొద్దనేది ఇందుకే. జాబితాలో తప్పుంటే షిఫ్ట్ అయ్యేదాకా సరిదిద్దే దారి ఉండదు. ఆలోపు, సెట్టింగ్స్ తెరవాలంటే కొట్టాల్సిన 32 అక్షరాల యాక్సెస్ కోడ్ చాలు. అడ్డదిడ్డమైన ఆ అక్షరాల్ని ఒక్కొక్కటీ చూసి కొట్టేలోపు సగం మంది మనసు మార్చుకుంటారు. 64, 128 కూడా ఉన్నాయి.

కంతలూ ఉన్నాయి. ప్రైవేట్ విండోలో నడవడానికి విడిగా అనుమతి ఇవ్వాలి. వాడని బ్రౌజర్‌లోనూ ఇన్‌స్టాల్ చెయ్యాలి, లేదంటే ఆ బ్రౌజరే అలవాటైపోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకోనివ్వకపోతే చేసేదేమీ లేదు. ఫోన్ యాప్‌లు దీని పరిధిలోకి రావు. ఆండ్రాయిడ్ డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ టైమర్ ఉన్నా అది కూడా అర్ధరాత్రికే మొదటికొస్తుంది, కాబట్టి నైట్ షిఫ్ట్‌కి దాని బదులు, ఎంచుకున్న యాప్‌లని ఆపేసే ఫోకస్ మోడ్ పెట్టి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉంచండి.

అన్నీ కుదిరాక సెట్టింగ్స్‌ని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే సెట్లన్నీ దానితోపాటే పోతాయి.